హ్యాండిల్ తిప్పే ముందు



బియ్యం గాలించడం చూసినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో! ఇప్పుడు సంచుల్లో వచ్చే బియ్యంలో రాళ్ళుండవు కాబట్టి ఆ పని మన ఇళ్ళల్లోంచి దాదాపు పోయింది. మా అమ్మమ్మ రెండు గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చునేది. ఒకదాంట్లో బియ్యం, పైన నిండా నీళ్ళు. గిన్నెను ఓ పక్కకు వంచి, లయగా ఊపుతూ, నీళ్ళతోపాటు పైకి లేచిన బియ్యాన్ని రెండో గిన్నెలోకి జార్చేది. చివరికి మొదటి గిన్నె అడుగున నాలుగు మట్టిరాళ్ళు మిగిలేవి. ఊపు కాస్త ఎక్కువైతే రాయి కూడా జారిపోతుంది. తక్కువైతే బియ్యం కదలదు. ఎంత ఊపాలో ఆవిడ చేతికి తెలుసు, నోటితో చెప్పమంటే మాత్రం నవ్వేసేది.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఈతకొలను గురించి. అందులోనూ నీళ్ళను తేటగా ఉంచే ఇసుక ఫిల్టరు గురించి, దాని నెత్తిన కూర్చునే ఒక వాల్వు గురించి. ఈతకొలనుకీ మా అమ్మమ్మకీ ఏమిటి సంబంధం అంటారేమో. ఆ వాల్వు చేయించేది కూడా గాలించడమే. కాకపోతే ఇక్కడ అడుగున మిగలాల్సింది ఇసుక, నీళ్ళతోపాటు జారిపోవాల్సింది మురికి.

హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో కొత్తగా కట్టే పెద్ద అపార్ట్‌మెంట్లలో కొలను లేనిది అరుదు. బడుల్లో ఉన్నాయి, ఊరి బయట ఫామ్‌హౌసుల్లో ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు పొద్దున్నుంచి అందులోనే. కానీ ఆ కొలను పంపు గది ఎక్కడుందో అడగండి, పదిమందిలో ఎనిమిది మంది తెల్లమొహం వేస్తారు. కాంపౌండు గోడ పక్కనో, మెట్ల కిందో ఓ చిన్న గది ఉంటుంది. తలుపు తీస్తే క్లోరిన్ వాసన, మోటారు రొద, నేలంతా తడి. మూలన పెద్ద ధాన్యపు గాదెను నున్నగా చెక్కినట్టు ఓ ఫైబర్ ట్యాంకు. దాని నెత్తి మీదో, పక్కనో నల్లటి ప్లాస్టిక్ మూత, మూత మీద ఓ పొడుగాటి హ్యాండిల్, హ్యాండిల్ చుట్టూ ఆరు ఇంగ్లీషు మాటలు. దాన్నే మల్టీపోర్ట్ వాల్వు అంటారు. పూల్ చూసే కుర్రాళ్ళు మాత్రం 'బ్యాక్‌వాష్ వాల్వు' అనే అంటారు. నాకూ ఆ పేరే నచ్చుతుంది, అది ఎందుకుందో పేరే చెబుతోంది కనుక.

ముందు ట్యాంకు లోపలేముందో చూద్దాం. మూడింట రెండొంతుల దాకా ఇసుక. ఏటి ఇసుక కాదు, జల్లించి ఒకే సైజుకు తెచ్చిన సిలికా ఇసుక. రేణువు అర మిల్లీమీటరు, మహా అయితే 0.8 మిల్లీమీటర్లు. మన బొంబాయి రవ్వంత అనుకోండి. అడుగున సన్నని చీలికలున్న గొట్టాలు చక్రం ఆకుల్లా పరిచి ఉంటాయి. మోటారు కొలనులోంచి నీళ్ళు లాగి, వాల్వు ద్వారా ట్యాంకు పైభాగంలోకి వదులుతుంది. నీళ్ళు ఇసుకలోంచి కిందికి దిగి, ఆ చీలికల్లోంచి గొట్టాల్లోకి చేరి, నడిమి గొట్టం గుండా పైకొచ్చి, మళ్ళీ వాల్వులోంచే కొలనుకు వెళ్తాయి. చీలిక ఇసుక రేణువు కంటే సన్నం కాబట్టి ఇసుక బయటికి రాదు.

ఇసుకను జల్లెడ అనుకుంటే మాత్రం పొరపాటే. రేణువుల మధ్య సందులు అది పట్టే మురికి కంటే పెద్దవి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఇసుక ఫిల్టరు 20 నుంచి 40 మైక్రాన్ల దాకా నలుసుల్ని పట్టగలదు. సందులోంచి దూరిపోగల నలుసు ఎలా ఆగుతోంది? వంకర టింకర దారుల్లో వెళ్తూ వెళ్తూ ఏదో ఒక రేణువుకు తగిలి అంటుకుపోతుంది. అలా అంటుకున్న మురికి తర్వాత వచ్చే మురికికి అడ్డవుతుంది. అందుకే అప్పుడే కడిగిన ఇసుక కంటే కాస్త మురికిపట్టిన ఇసుకే బాగా వడకడుతుంది. ఇది చాలామంది నమ్మరు. 'రోజూ పొద్దున్నే బ్యాక్‌వాష్ చేయిస్తున్నాం సార్, మా పూల్ మెయింటెనెన్స్ అంత స్ట్రిక్టు' అని గర్వంగా చెప్పిన ఓ అపార్ట్‌మెంట్ సెక్రటరీని నేనెరుగుదును. వాళ్ళ నీళ్ళు ఎప్పుడూ కాస్త మసకగానే ఉండేవి. ఎందుకో ఆయనకు అర్థమయ్యేది కాదు.

మరి ఎప్పుడు కడగాలి? దానికి ఫిల్టరే నోరు తెరిచి చెబుతుంది. వాల్వు పక్కన గడియారంలాంటి ప్రెజర్ గేజ్ ఒకటుంటుంది. ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి, అక్కడ మార్కరుతో ఓ గీత పెట్టుకోవాలి. ఒక్కో కొలనుకు ఒక్కో అంకె. పదో, పన్నెండో, పదిహేనో పీఎస్‌ఐ. మురికి పేరుకున్నకొద్దీ నీళ్ళు దిగడం కష్టమై ముల్లు పైకి పాకుతుంది. మొదటి గీత మీద 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగిందంటే కడగాల్సిన వేళయింది. కొలను వాడకాన్ని బట్టి అది వారానికి రావచ్చు, పిల్లలంతా పడి ఈదే మే నెలలో మూడు రోజులకే రావచ్చు, చలికాలంలో మూడు వారాలైనా రాకపోవచ్చు. క్యాలెండరు చూసి కాదు, ముల్లు చూసి కడగాలి. ఆ గేజ్ కొన్ని వందల రూపాయల వస్తువు. అయినా నేను చూసిన పంపు గదుల్లో సగానికి సగం అద్దం పొగచూరిపోయి, ముల్లు తుప్పు పట్టి, మోటారు ఆపినా అదే అంకె చూపిస్తూ ఉంటాయి. ఆగిపోయిన గడియారం రోజుకు రెండుసార్లైనా నిజం చెబుతుంది. ఈ గేజ్‌కు ఆ పాటి హామీ కూడా లేదు.

ఇప్పుడు కడగడం. హ్యాండిల్‌ను 'బ్యాక్‌వాష్' దగ్గరికి తిప్పితే నీళ్ళ దారి తలకిందులవుతుంది. నడిమి గొట్టంలోంచి కిందికి దిగి, అడుగు గొట్టాల చీలికల్లోంచి ఇసుకలోకి ఎగజిమ్ముతాయి. అప్పటిదాకా రాయిలా గట్టిపడి కూర్చున్న ఇసుక, నీళ్ళ ఒత్తిడికి పొంగుతుంది. మామూలు ఎత్తు మీద ఆరో వంతో, అయిదో వంతో పైకి లేస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అంటుకున్న మురికి ఊడుతుంది. మురికి తేలిక కాబట్టి నీళ్ళతో పైకెళ్ళిపోతుంది, ఇసుక బరువు కాబట్టి కొంత లేచి మళ్ళీ పడుతుంది. ఇదే గాలించడం. ఇసుక పొంగడానికి ట్యాంకులో పైన చోటుండాలి. 'ఎక్కువ ఇసుక పోస్తే ఎక్కువ వడకడుతుంది కదా' అని అంచుదాకా నింపితే, బ్యాక్‌వాష్ చేసినప్పుడల్లా ఆ ఇసుక డ్రైనేజీ పాలవుతుంది. మోటారు చిన్నదైతే ఇంకో చిక్కు. నీళ్ళు వస్తాయి గానీ ఇసుక లేవదు. అమ్మమ్మ చెయ్యి సరిగ్గా ఊపనట్టే.

వాల్వు పక్కన గాజుబుడ్డిలాంటిది ఒకటుంటుంది. సైట్ గ్లాస్ అంటారు. డ్రైనేజీకి పోయే నీళ్ళు అందులోంచే పోతాయి. బ్యాక్‌వాష్ మొదలుపెట్టిన క్షణం ఆ గాజులోకి చూడండి. ముందు ఓ రెండు క్షణాలు తేటగానే వస్తాయి. ఆ వెంటనే ఫిల్టరు కాఫీ డికాక్షన్ రంగు. అది కాస్త పలచబడి చాయ్ రంగు, ఆ తర్వాత బార్లీ నీళ్ళ రంగు. మధ్యలో ఒకసారి తేటపడినట్టు అనిపించి మళ్ళీ ఓ మురికి కెరటం వస్తుంది. తొందరపడి ఆపేసేది సరిగ్గా అక్కడే. ఆ కెరటం కూడా పోనిచ్చి, గాజు నిజంగా తేటయ్యేదాకా ఆగాలి. మామూలుగా రెండు మూడు నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు వదిలేయడం శుభ్రత కాదు, దుబారా.

తర్వాత 'రిన్స్'. చాలామంది దీన్ని ఎగ్గొడతారు. బ్యాక్‌వాష్ అయ్యాక ఇసుక ఇంకా చెదిరి ఉంటుంది, పైన కొంత మురికి నీరు నిలిచే ఉంటుంది. అప్పుడే నేరుగా ఫిల్టరుకు తిప్పేస్తే ఆ మురికంతా కొలనులోకి ఓ మబ్బులా వస్తుంది. రిన్స్‌లో నీళ్ళు పైనుంచి కిందికే వెళ్తాయి గానీ కొలనుకు కాకుండా డ్రైనేజీకి పోతాయి. అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం. ఇసుక సర్దుకుంటుంది. బ్యాక్‌వాష్ చేసిన ప్రతిసారీ కొలనులో నీళ్ళొచ్చే గొట్టం దగ్గర తెల్లటి మసక కనబడుతోందంటే, మీ కుర్రాడు రిన్స్ చేయడం లేదన్నమాట.

మూత మీద ఆరు మాటలని చెప్పాను కదా. మిగతావి తొందరగా చెప్పేస్తాను. 'వేస్ట్' అంటే నీళ్ళు ఇసుక ముఖం చూడకుండా తిన్నగా బయటికే. గాలివాన తర్వాత అడుగున దిగిన బురదను వాక్యూమ్‌తో లాగేటప్పుడు, వానకు పొర్లిన కొలనును తగ్గించేటప్పుడు పనికొస్తుంది. 'రీసర్క్యులేట్' అంటే ఇసుకను తప్పించి మళ్ళీ కొలనుకే. మందు కలిపి తిప్పేటప్పుడు, ఫిల్టరు పాడైనప్పుడు. 'క్లోజ్డ్' అంటే అన్ని దారులూ బంద్. ఆ స్థానంలో మోటారు వేశారో, ఒత్తిడికి ఏదో ఒకటి పగులుతుంది. పాత కొలనుల్లో కొన్నిచోట్ల వేరే రకం వాల్వు కనిపిస్తుంది. సైకిల్ పంపులా పిడి పైకి లాగితే బ్యాక్‌వాష్, కిందికి తోస్తే ఫిల్టరు. అందులో రిన్స్ లేదు, తికమకా లేదు. పెద్ద పెద్ద కొలనుల సంగతి వేరు. 50 మీటర్ల పొడుగు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న ఒలింపిక్ కొలనులో 25 లక్షల లీటర్ల నీళ్ళుంటాయి. అక్కడ ఒక్కో ట్యాంకుకు నాలుగో అయిదో వేర్వేరు వాల్వులు. ఏది ముందు మూయాలి, ఏది తర్వాత తెరవాలి అని వరస ఉంటుంది. మన ఆరు మాటల వాల్వు ఆ వరసనంతా ఒక్క హ్యాండిల్లో ఇమిడ్చింది. దాన్ని కనిపెట్టినవాడు తెలివైనవాడు. కానీ ఆ తెలివి ఒక్క షరతు మీద నిలబడి ఉంది. ఆ షరతు చెప్పాలంటే మూత విప్పాలి.

మూత విప్పితే కింద ఎడ్లబండి చక్రంలాంటి రబ్బరు కనిపిస్తుంది. చుట్టూ ఓ వలయం, మధ్యలో ఆకులు. స్పైడర్ గ్యాస్కెట్ అంటారు. ఒక్కో ఆకు ఒక్కో నీటిదారిని పక్కదారి నుంచి వేరు చేస్తుంది. రెండు గదుల మధ్య గోడ లాగా. దాని మీద గుండ్రటి ప్లాస్టిక్ పలక, దాన్ని కిందికి నొక్కిపట్టే బలమైన స్ప్రింగు. హ్యాండిల్‌ను కిందికి నొక్కితే ఆ పలక ఓ పిసరంత పైకి లేస్తుంది. అప్పుడు తిప్పాలి, కావలసిన గాడిలో పడ్డాక వదిలేయాలి. పలక మళ్ళీ రబ్బరు మీద కూర్చుని దారులు మూస్తుంది. ఇదంతా మోటారు ఆగి ఉంటేనే. మోటారు తిరుగుతుండగా పలక లేపితే, ఆ పిసరంత సందులోంచి నీళ్ళు పూర్తి ఒత్తిడితో దూసుకొస్తాయి. రబ్బరు ఆకు గాడిలోంచి లేచి మెలిపడుతుంది, లేదా చిరుగుతుంది.   ముందు మోటారు ఆపాలి, ఆ తర్వాతే హ్యాండిల్ ముట్టాలి. తిప్పాక మళ్ళీ మోటారు వేయాలి. ఒక్క బ్యాక్‌వాష్‌లో బ్యాక్‌వాష్‌కు, రిన్స్‌కు, తిరిగి ఫిల్టరుకు, మూడుసార్లు ఆపి మూడుసార్లు వేయాలి.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. మేముండే అపార్ట్‌మెంట్లో ఓ మే నెలలో కొలనులో నీళ్ళు తగ్గడం మొదలైంది. కొలను 12 మీటర్ల పొడుగు, 6 మీటర్ల వెడల్పు. రోజుకు 5 సెంటీమీటర్లు దిగుతోంది. ఎండ కదా అన్నారు కొందరు. ఎంత ఎండైనా ఆవిరయ్యేది రోజుకు ఒక సెంటీమీటరు అటూ ఇటూ. అది తేల్చుకోవడానికి ఓ బకెట్‌లో నీళ్ళు పోసి కొలను మెట్టు మీద పెట్టాం. బకెట్‌లో వేలి గోరంత తగ్గితే కొలనులో మూడు వేళ్ళు తగ్గింది. లెక్క వేస్తే ఆవిరి పోను రోజుకు 2,900 లీటర్ల దాకా ఎక్కడికో పోతున్నాయి. టైల్స్ పగిలాయన్నారు. అడుగున పైపు పగిలిందన్నారు. కొలను ఖాళీ చేసి టైల్స్ పీకి కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయాలని ఒకాయన కొటేషను కూడా తెచ్చాడు. లక్షల్లో ఉంది. కమిటీ మీటింగులో అరుపులు. ఈలోగా రోజు విడిచి రోజు ట్యాంకరు.

చివరికి మా లైన్లో పాత మేస్త్రీ ఒకాయన ఏదో కుళాయి పనికి వచ్చి, మా గొడవ విని ఒక్క ప్రశ్న అడిగాడు. "సార్, నీళ్ళు పగటిపూట తగ్గుతున్నయా, రాత్రి తగ్గుతున్నయా?"

అది మాకెవరికీ తోచలేదు. ఆ రాత్రి పది గంటలకు చాక్‌పీసుతో గీత పెట్టాం. పొద్దున్నే ఆరింటికి చూస్తే గీత దగ్గరే ఉంది. సాయంత్రానికి మళ్ళీ దిగింది. మోటారు నడిచేది పగలే. కొలనుకు చిల్లి ఉంటే రాత్రీ పగలూ తేడా ఉండదు కదా. మోటారు నడిచేటప్పుడే నీళ్ళు పోతున్నాయంటే దొంగ పంపు గదిలోనే ఉన్నాడు. వెళ్ళి చూస్తే హ్యాండిల్ 'ఫిల్టర్' దగ్గరే ఉంది, అయినా సైట్ గ్లాసులో దారంలా సన్నగా, వంపుగా నీళ్ళు కదులుతున్నాయి. డ్రైనేజీకి పోయే గొట్టం నేలలోంచి తిన్నగా ఛాంబరులోకి వెళ్తోంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. మోటారు ఆపి, మూత విప్పాడు. రబ్బరు చక్రంలో ఒక ఆకు గాడిలోంచి లేచి మెలిపడి, అంచున తెగి ఉంది. చిటికెన వేలంత చీలిక. 15 రోజుల్లో 40,000 లీటర్లకు పైగా దాంట్లోంచే పోయాయి.

పూల్ చూసే కుర్రాణ్ణి పిలిచాను. నాకూ కోపంగానే ఉంది. "ఏం బాబూ, మోటారు ఆపకుండా తిప్పుతున్నావా?" అన్నాను. వాడు బెదరలేదు. "మోటరు బంద్ చేస్తే మల్ల నీళ్ళు గుంజదు సార్. మగ్గుతోని నీళ్ళు పోసుకుంట గంటసేపు కూసోవాలె. పొద్దుగాల ఏడింటికి పిల్లలు వచ్చేస్తరు" అన్నాడు.

మేస్త్రీ మోటారు ముందున్న బుట్ట మూత విప్పి చూపించాడు. వెంట్రుకలూ ఆకులూ ఆగే బుట్ట అది. దాని మూత కింద రబ్బరు రింగు ఎండిపోయి బిరుసెక్కి, పగుళ్ళు బారి ఉంది. ఆ పగుళ్ళలోంచి మోటారు గాలి పీలుస్తోంది. నడుస్తున్నంతసేపూ ఎలాగో లాక్కొస్తుంది, ఆపితే గొట్టంలో నీళ్ళు వెనక్కి జారిపోయి గాలి నిండుతుంది. మళ్ళీ వేస్తే గాలి తప్ప నీళ్ళు రావు. అందుకని, పొద్దున ఒకసారి తంటాలు పడి వేశాక, కుర్రాడు మళ్ళీ ఆపడం మానేశాడు. ఆపడం మానేసి హ్యాండిల్ తిప్పాడు. హ్యాండిల్ తిప్పితే గ్యాస్కెట్ తెగింది. తెగింది కాబట్టి మేం టైల్స్ పీకబోయాం. అంతా ఒక రింగు దగ్గర మొదలైంది. ఆ రింగు గురించి వాడు అంతకు మూడు నెలల ముందే వాచ్‌మన్‌తో చెప్పాడట. వాచ్‌మన్ ఎవరితో చెప్పాడో, ఎవరు వినలేదో నేను ఆరా తీయలేదు. కమిటీలో నేనూ ఉన్నాను మరి.

రింగు మార్చి, గ్రీజు రాసి, కొత్త గ్యాస్కెట్ వేయించాం. గ్యాస్కెట్‌కు, రింగుకు, మేస్త్రీ కూలికి కలిపి అయిన ఖర్చు ఒక్క నీళ్ళ ట్యాంకరుకు అటూ ఇటూ. కొత్త గ్యాస్కెట్ వేసేటప్పుడు ఆయన గాడిలో ఒక్కొక్క ఇసుక రేణువునూ గుడ్డతో, వేలి గోరుతో తీశాడు. ఒక్క రేణువు కింద ఉండిపోయినా రబ్బరు సమంగా కూర్చోదు.

నీళ్ళ లెక్క ఇంకొంచెం చెప్పాలి. మా కొలనుది 24 అంగుళాల ఫిల్టరు. నిమిషానికి సుమారు 240 లీటర్లు పారుతుంది. మూడు నిమిషాల బ్యాక్‌వాష్, ఒక నిమిషం రిన్స్ అంటే దరిదాపు వెయ్యి లీటర్లు. ముల్లు చూసి వారానికోసారి కడిగితే నెలకు ఓ నాలుగైదు వేలు. ఆ స్ట్రిక్టు సెక్రటరీగారిలా రోజూ కడిగితే 30,000. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. 2024 మార్చిలో బెంగుళూరు నీటి కటకటలో అక్కడి జలమండలి ఈతకొలనులకు తాగునీరు వాడటాన్నే నిషేధించింది. అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్ళు చాలామంది ఆ వేసవిలో ఎండిన కొలనులనే చూశారు. మన దగ్గర అలాంటి ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇక ఆ బయటికి పోయిన నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. వాననీటి కాలువలోకి వదిలితే అది చెరువుకో వాగుకో చేరుతుంది. మొక్కలకు తిన్నగా పెట్టినా మంచిది కాదు. ఓ తొట్టిలో పట్టి, ఎండలో నాలుగైదు రోజులు ఉంచితే మురికి అడుక్కు దిగుతుంది, క్లోరిన్ చాలావరకు పోతుంది. ఆ తర్వాత తోటకు పెట్టుకోవచ్చు.

అసలు నీళ్ళను తిరగేసి ఇసుకను కడగొచ్చన్న ఆలోచన ఈతకొలనుల్లో పుట్టింది కాదు, తాగునీటి దగ్గర పుట్టింది. 1829లో లండన్‌లో జేమ్స్ సింప్సన్ చెల్సీ నీటి కంపెనీకి పెద్ద ఇసుక మడులు కట్టాడు. నీళ్ళు నెమ్మదిగా దిగేవి. పైపొర మురికెక్కితే కూలీలు పారలతో గీకి తీసేవాళ్ళు. 1880ల్లో అమెరికాలో తక్కువ చోటులో వేగంగా వడకట్టే ఫిల్టర్లు వచ్చాక, గీకడం కుదరక, నీళ్ళను కింది నుంచి ఎదురు పంపి కడగడం స్థిరపడింది. మన హైదరాబాదులో 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట జలాశయం 1920లో పూర్తయింది. ఊరికి నీళ్ళు వడకట్టి ఇచ్చిన ఆసిఫ్‌నగర్, మీరాలం చోట్లను జనం ఇప్పటికీ 'ఫిల్టర్ బెడ్స్' అనే పిలుస్తారు. అక్కడ బస్సు దిగేవాళ్ళలో ఎందరికి ఆ బెడ్డు ఇసుకదని తెలుసో!

ఈతకొలనుకు ఫిల్టరు రాకముందు కథ ఇంకా తమాషా. 1906లో ఇంగ్లండులోని మాంచెస్టరులో విక్టోరియా బాత్స్ అని ఎంతో అందమైన స్నానశాల తెరిచారు. మూడు కొలనులు. తాజా నీళ్ళు ముందు మగవాళ్ళ ఫస్ట్ క్లాసు కొలనుకు. వాళ్ళు ఈదాక అవే నీళ్ళు మగవాళ్ళ సెకండ్ క్లాసుకు. వాళ్ళూ ఈదాక, చివరికి ఆడవాళ్ళ కొలనుకు! బ్రిటన్‌లో చాలాచోట్ల నీళ్ళు మార్చిన రోజు టికెట్టు ఎక్కువ, నీళ్ళు మురికెక్కినకొద్దీ తక్కువ. ఇసుకా, ఎదురు కడుగూ వచ్చి ఆ తరగతుల్ని కొలనులోంచైనా తీసేశాయి.

క్లోరిన్ వేస్తున్నాం కదా, వడపోతతో పనేమిటి అనేవాళ్ళకు ఒక్క మాట. క్రిప్టోస్పోరిడియం అని విరేచనాలు పుట్టించే ఓ సూక్ష్మజీవి ఉంది. కొలనులో వేసే క్లోరిన్‌లో అది రోజుల తరబడి బతుకుతుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో తాగునీటి ఫిల్టర్లు సరిగా పనిచేయక ఆ జీవి కుళాయిల్లోకి వచ్చింది. నాలుగు లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు. అది 4 నుంచి 6 మైక్రాన్ల జీవి, ఒట్టి ఇసుకకు చిక్కదు. మన ఊళ్ళల్లో బురదనీటిలో పటిక తిప్పేవాళ్ళు, చిల్లగింజ అరగదీసేవాళ్ళు. నలుసులు గుమిగూడి బరువెక్కుతాయి. కొలనులో ఫిల్టరుకు ముందు కొద్దికొద్దిగా పటికలాంటి మందు వేయడం కూడా అందుకే, చిన్న నలుసు పెద్దదై ఇసుకకు చిక్కుతుంది.

ఇంకొకటి, మన ఇళ్ళకు ప్రత్యేకం. తలకు కొబ్బరినూనె. పిల్లవాడు నూనె తలతో దూకితే ఆ నూనె ఇసుకకే చేరుతుంది. ఇసుక ముద్దలు కడుతుంది. నీళ్ళు ముద్దల్ని తప్పించుకుని పక్కనుంచి దారి చేసుకుంటాయి, వడపోత పోతుంది, బ్యాక్‌వాష్‌కూ ఆ ముద్దలు విడవవు. బోరు నీళ్ళ కాఠిన్యం తోడైతే కొన్నేళ్ళకు ట్యాంకులో ఇసుక కాదు, సున్నపురాయి ఉంటుంది. కొలను పక్కన షవరు పెట్టింది అలంకారానికి కాదు. నూనె తలలు అక్కడ కడుక్కుని దిగాలి.

మా పంపు గది గోడ మీద ఇప్పుడు ఓ అట్టముక్క వేలాడుతోంది. దాని మీద ఎర్ర అక్షరాలతో 'మోటరు బంద్ – హ్యాండిల్ – మోటరు చాలూ' అని ఉంది. రాసింది ఆ కుర్రాడే. కింద గేజ్ గీత ఎక్కడుందో, చివరి బ్యాక్‌వాష్ ఏ తారీకునో పెన్సిలుతో రాసి ఉంటుంది.

మీ ఇంటి కిందో, మీ పిల్లల బడిలోనో కొలను ఉంటే, ఈ సాయంత్రం మోటారు నడుస్తున్నప్పుడు ఓసారి పంపు గది దాకా వెళ్ళండి. హ్యాండిల్ 'ఫిల్టర్' దగ్గరుందో లేదో చూడండి. ఆ తర్వాత సైట్ గ్లాసులోకి చూడండి. అందులో నీళ్ళు కదులుతుంటే, టైల్స్ జోలికి పోకండి. మోటారు ఆపి మేస్త్రీని పిలవండి. మోటారు ఆపితే మళ్ళీ నీళ్ళు పట్టడం లేదా అని మాత్రం ముందుగా మీ పూల్ కుర్రాణ్ణి అడగండి.